తొంభై ఎనిమిది మార్కుల సత్తు బిళ్ళ

పరాగ్వేలోని మా వియారికాలో సిల్వేరియో ఒతాసు అనే దర్జీకి ప్యాంటు కుట్టడానికిచ్చినవాడు తొందరపడకూడదు. మొదటిసారి వెళితే రేపు రమ్మంటాడు. మర్నాడు వెళితే కుర్చీ వేసి, చల్లటి తెరెరే ఆకు పానీయం చేతికిచ్చి, నాణేల పెట్టె తెరుస్తాడు. ప్యాంటు సంగతి అడగడం ఆ తర్వాత మనకే మర్యాదగా ఉండదు.

నాది రొట్టెల దుకాణం. శనివారం సాయంత్రాలు ఆ దుకాణం అరుగు మీదే పాత నాణేల పిచ్చివాళ్ళం చేరతాం. మందుల షాపు బెనీగ్నో దగ్గర వెండి నాణేలున్నాయి. బడి పంతులమ్మగా చేసి రిటైరయిన పెర్పెతువా గారి దగ్గర వాళ్ళ తాతగారి బంగారు కాసు కూడా ఉంది. సిల్వేరియో దగ్గర ఉన్నవన్నీ సత్తు బిళ్ళలు. కత్తెర మీద బతికేవాడికి వెండి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన వాటినే మెత్తటి గుడ్డలో పొదిగి, పసిపిల్లని చూపించినట్టు చూపించేవాడు. కాకి పిల్ల కాకికి ముద్దు. మేము చూసి, తలూపి, చీపా రొట్టె తుంచుకుని వేరే మాటల్లో పడేవాళ్ళం. భార్య ఎదువీహిస్ అయితే ఆ పెట్టెని "గిన్నెల మూతల డబ్బా" అనేది.

ఇలా ఉండగా బెనీగ్నో ఆయన్ని ఇంటర్నెట్‌లో నాణేల సైట్‌లో చేర్చాడు. ప్రపంచంలోని నాణేల వాళ్ళంతా అందులో ఉంటారు. ప్రతి నాణెం బొమ్మ కింద "నా దగ్గర ఉంది" అని ఒక మీట ఉంటుంది. ఎంత తక్కువమంది నొక్కితే ఆ నాణెం అంత అరుదైనదని లెక్క కట్టి, నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. నొక్కనివాళ్ళ దగ్గర ఉందో లేదో ఆ సైట్‌కి తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. సిల్వేరియో తన సత్తు బిళ్ళ ఒకదాన్ని వెతికి మీట నొక్కాడు. నూటికి తొంభై ఎనిమిది వచ్చింది.

ఆ శనివారం ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. బెనీగ్నో వెండి నాణేల్లో ఒక్కటీ అరవై దాటలేదు. పంతులమ్మగారి బంగారు కాసుకి డెబ్బై మూడు. అప్పటినుంచి ఆయన నడకే మారిపోయింది. ఎదువీహిస్ సంతలో కూరగాయలు బేరమాడుతూ కూడా "మా ఆయన దగ్గర తొంభై ఎనిమిది ఉంది" అనేది. అమ్మేవాడు ఏం తొంభై ఎనిమిదో అర్థంకాక రెండు ఉల్లిపాయలు ఎక్కువ వేసేవాడట.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ఆ బిళ్ళ మా ఊళ్ళో లేని ఇల్లు లేదు. దాని చెలామణీ రద్దయినప్పుడు మిగతా ఊళ్ళవాళ్ళు బిళ్ళలన్నీ కరిగించి గిన్నెలు పోయించుకున్నారు. మావాళ్ళకి గిన్నె లేకపోయినా గడుస్తుంది గానీ త్రూకో పేకాట లేకపోతే గడవదు. ఆటలో పాయింట్లు లెక్కపెట్టుకోవడానికి ఆ బిళ్ళలు దాచుకున్నారు. నా దగ్గరే గుప్పెడు ఉన్నాయి. సైట్‌లో పరాగ్వే వాళ్ళు మా అరుగువాళ్ళే తప్ప ఎక్కువమంది లేరు. మేమెవ్వరమూ ఆ బిళ్ళకి మీట నొక్కలేదు.

నిజానికి బెనీగ్నో నొక్కబోయాడు. పెర్పెతువా గారు ఆపారు.

"ఆ వేలు జేబులో పెట్టుకోవయ్యా. మనమంతా నొక్కితే ఆయన మార్కులు కింద పడతాయి. జన్మకి ఒక్కసారి ఫస్టొచ్చాడు."

"అబద్ధం కదండీ?"

"మనల్నెవరన్నా అడిగారా? అడక్కుండా అబద్ధమెక్కడిది?"

పంతులమ్మగారే అలా అన్నాక మాకింక బెంగేముంది. గుట్టుగా ఊరుకున్నాం. మధ్యమధ్యలో "ఏదీ, ఆ తొంభై ఎనిమిదిని మళ్ళీ ఓసారి చూపించు" అని అడిగేవాళ్ళం కూడా.

తర్వాత సరిహద్దు నది అవతలి కొర్రియెంతెస్ నుంచి అన్సెల్మో అనే అర్జెంటీనా ఆయన సైట్‌లో ఆ అంకె చూసి సిల్వేరియోకి ఉత్తరం రాశాడు. తన దగ్గర మా దేశపు తొలినాళ్ళ రాగి బిళ్ళ ఒకటి ఉందట, సింహం బొమ్మది. తొంభై ఎనిమిది మార్కుల బిళ్ళ ఇస్తే అది ఇచ్చేస్తానని, వచ్చే శనివారం స్వయంగా వస్తానని అన్నాడు. సిల్వేరియో పని నేర్చుకునే రోజుల్లో వాళ్ళ గురువుగారి గడియారం గొలుసుకి అలాంటిది వేలాడేదట. అప్పటినుంచీ ఆయనకి అదే కల. ఆ వారమంతా ఎవరి ప్యాంటూ కుట్టలేదు.

మాకు మాత్రం ముద్ద దిగలేదు.

"ఇప్పుడు అడుగుతారు కదండీ," అన్నాడు బెనీగ్నో.

పెర్పెతువా గారు నావైపు చూశారు. నేను మాత్రం ఏం చెప్పను? నిజం చెబితే సిల్వేరియో పరువు పోతుంది, కలా పోతుంది. చెప్పకపోతే ముక్కూమొహం తెలియని మనిషిని నిలువునా ముంచినట్టవుతుంది. కక్కలేక మింగలేక శనివారం దాకా లాక్కొచ్చాం.

అన్సెల్మో బస్సు దిగి నేరుగా అరుగు మీదకే వచ్చాడు. భారీ మనిషి, మాట మెత్తన. భూతద్దం పెట్టి సత్తు బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి మావైపు తిరిగాడు.

"మీరూ నాణేలవాళ్ళేగా. ఇలాంటిది మీలో ఇంకెవరి దగ్గరన్నా ఉందాండీ?"

బెనీగ్నో కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టాడు. పెర్పెతువా గారు అయిపోయిన తెరెరేని గొట్టంతో గురగురమని పీలుస్తున్నారు. నేను పొయ్యిలో లేని రొట్టెలు చూడ్డానికి లేచాను. అందరం తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం.

సిల్వేరియో మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. మెళ్ళో కొలతల టేపు తీసి నెమ్మదిగా చుట్టాడు.

"ఉందండి," అన్నాడు. "వీళ్ళందరి దగ్గరా ఉంది. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉంది."

"సిల్వేరియో..." అన్నారు పెర్పెతువా గారు.

"మీ ఇంటి బట్టలు కుట్టేది ఎవరండీ, పంతులమ్మగారూ? ఏ ప్యాంటు జేబు తిరగేసినా ఇదే రాలుద్ది. ఈ బెనీగ్నో పెళ్ళి సూటు వదులు చేస్తుంటే అందులోంచీ రాలాయి. మళ్ళీ ఆ జేబులోనే పెట్టి ఇచ్చా."

బెనీగ్నో మొహం ఎర్రబడింది. "మరి తెలిసీ మాతో అనలేదేం, బావా?"

"మీరన్నారా? నా కోసం మీరు దాస్తున్నారు, నేను తెలీనట్టు కూర్చున్నా. బాగానే ఉంది కదా. కానీ అది ఈ అరుగు మీద చెల్లే బిళ్ళ. ఈయన్ని నమ్మించి దీన్ని నది దాటించకూడదు."

అన్సెల్మోకి కోపం రాలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మావైపు ఇది నిజంగానే దొరకదండీ. కానీ రాగి బిళ్ళకి సరితూగదు," అని, తన బిళ్ళ మూట కట్టబోయాడు.

"ఒక్కసారి చేతికిస్తారా?" అన్నాడు సిల్వేరియో.

ఇచ్చాడు. సిల్వేరియో దాన్ని అరచేతిలో పెట్టుకుని, బట్ట రకం చూసేటప్పుడు చూసినట్టు బొటనవేలితో రుద్దాడు. మేమంతా వీధిలోకి చూస్తూ కూర్చున్నాం. నాకు మాత్రం ఆ అన్సెల్మో మీద అకారణంగా కోపం వచ్చింది. సిల్వేరియో బిళ్ళ తిరిగిచ్చేసి, తన సత్తు బిళ్ళని కూడా ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది ఊరికే ఉంచుకోండి. మీవైపు లేదన్నారుగా. మాకు చాలా ఉన్నాయి."

ఆయన వద్దు వద్దంటూనే పుచ్చుకున్నాడు. నేను కట్టిచ్చిన చీపా రొట్టెలు కూడా పుచ్చుకుని బస్సెక్కాడు.

బస్సు కదలగానే సిల్వేరియో మావైపు తిరిగాడు. "ఇక నొక్కండి అందరూ."

బెనీగ్నో తన ఫోన్లో చార్జింగ్ లేదన్నాడు. పెర్పెతువా గారు చేతిలో కళ్ళజోడు పట్టుకుని, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నారు. నా చేతులకి పిండి ఉందన్నాను.

"మీ దిక్కుమాలిన జాలి తగలెయ్య. ఇంకో అమాయకుడు బస్సెక్కి వస్తే?"

ఎవరమూ కదల్లేదు. ఆయన విసుక్కుంటూ బెనీగ్నో ఫోన్ లాక్కున్నాడు. చార్జింగ్ నిండా ఉంది. బిళ్ళ బొమ్మ కింద ఎవరైనా ఏమైనా రాసుకునే చోటు ఒకటుంటుంది. అక్కడ ఒంటివేలితో, చాలాసేపు, ఒక్కో అక్షరం కొట్టాడు.

ఆ అంకె ఇప్పుడు తొంభై ఏడు. అన్సెల్మో ఊరు చేరగానే మీట నొక్కినట్టున్నాడు. దాని కింద సిల్వేరియో రాసింది అలాగే ఉంది: "ఇది వియారికాలో ప్రతి ఇంట్లో ఉంది. కావలసినవాళ్ళు వచ్చి అడిగితే ఊరికే ఇస్తాం. పైనున్న అంకె చూసి మోసపోకండి. అది నా స్నేహితులు నాకు వేసిన అంకె."