రఫూ మాస్టారి వేళ్లు

పొద్దస్తమానం సూదితో బతికే మనిషికి సూదంటే భయమంటే ఎవరైనా నమ్ముతారా? రఫూ మాస్టారికి భయమే. చిరిగిన కోటు తెచ్చిస్తే, ఆ గుడ్డలోంచే పోగులు లాగి, చిరుగు ఎక్కడుండేదో తెచ్చినవాడే వెతుక్కునేలా అల్లి ఇచ్చేవాడు. ఏ పోగు ఎంత బిగువుగా ఉందో వేలి కొసకే తెలియాలి, కంటికి తెలిసేది కాదు. అలాంటివాడు నర్సు చేతిలో ఇంజెక్షన్ కనిపిస్తే చాలు, గోడవైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకునేవాడు.

కడుపులో పుండు ముదిరి, ఆపరేషన్ చేసి జీర్ణాశయంలో చాలా భాగం తీసేసినప్పుడే డాక్టరమ్మ చెప్పింది. తిండిలోని బి12 విటమిన్ ఒంటికి పట్టే దారి పోయిందనీ, ఇక గుడ్లు తిన్నా పాలు తాగినా చాలదనీ, బతికున్నన్నాళ్లూ దాని ఇంజెక్షన్ చేయించుకోవాలనీ. కొన్నాళ్లు చేయించుకున్నాడు. ఒళ్లు కుదుటపడగానే, "బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎందుకే ఆ పోట్లు?" అని భార్యకు సర్దిచెప్పి ఎగ్గొట్టాడు.

కొన్నేళ్లకు ముఖం పాలిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. మందుల షాపులో పనిచేసే బావమరిది మాత్రలు తెచ్చాడు.

"ఫోలిక్ యాసిడ్, బావా. ఇదీ బి విటమినే. సూదీ లేదు, గీదీ లేదు. రక్తం అదే పడుతుంది."

నిజంగానే రక్తం పట్టింది. చెంపలు నిగనిగలాడాయి. భార్య సంబరపడి తమ్ముడికి కొసరి కొసరి వడ్డించింది. ఒళ్లు మండేది ఇక్కడే! ఆ మాత్ర రక్తాన్ని బాగుచేసింది గానీ, బి12 అందని నరాలకు పనికిరాలేదు. ముఖం పాలిపోయే ఉంటే ఎవరో ఒకరు ఆసుపత్రికి లాక్కెళ్లేవారు. నిగనిగలాడేవాణ్ని ఎవరు లాక్కెళ్తారు? లోపల నరాలు చడీచప్పుడు లేకుండా చచ్చిపోతూ వచ్చాయి.

కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వయసు అన్నాడు. వేళ్లు మొద్దుబారాయి. చలి అన్నాడు. ఒక మధ్యాహ్నం టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ఒళ్లో ఉన్న తెల్లకోటు నిండా రక్తపు మరకలు. మాస్టారు తలవంచుకుని కుడుతూనే ఉన్నాడు.

"ఏమండీ! వేలికి సూది దిగింది, చూసుకోరేం?"

ఆయన వేలు పైకెత్తి చూసుకున్నాడు. "ఎప్పుడు?" అన్నాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త ఆశ ఉండేదేమో. "ఇంజెక్షన్లు మళ్లీ మొదలుపెడదాం. ఇంకా ముదరకుండా ఆగుతుంది. పోయిన స్పర్శ వస్తుందని మాత్రం చెప్పలేనండీ, చాలా ఆలస్యమైంది," అంది. బావమరిది గోడకు ఆనుకుని ఏడ్చాడు. ప్రేమతో తెచ్చిచ్చినవాణ్ని ఏమని తిడతారు?

ఇప్పుడు మాస్టారు గోడవైపు తిరగడు. భుజంలోకి దిగే సూదిని కళ్లార్పకుండా చూస్తాడు. అక్కడింకా చురుక్కుమంటుంది.

కోట్లు తెచ్చేవాళ్లు మానేశారు. అయినా రోజూ పొద్దున్నే కిటికీ పక్కన తన చోట కూర్చుని, సన్నసూది తీసుకుని, కళ్లు మూసుకుని, చూపుడువేలి కొసన గుచ్చుకుంటాడు. నొప్పి కోసం ఎదురుచూస్తాడు.

"దిగిందా?" అని భార్యను అడుగుతాడు.

ఆమె దూదితో రక్తం తుడుస్తూ, "ఇంకా లేదండీ, తగల్లేదు," అంటుంది.