శ్రీశైలం అంటించిన ఎర్ర లేబుళ్ళు

సినిమాలు తీసేవాళ్ళకు సిగ్గు లేదని శ్రీశైలానికి గట్టి నమ్మకం. చూసేవాళ్ళకు అంతకన్నా లేదని ఇంకా గట్టి నమ్మకం. ఇంత నమ్మకం పెట్టుకుని ఆ మహానుభావుడు ఏడాదికి ముప్పై సినిమాలకు తక్కువ కాకుండా చూసేవాడు. అంత అసహ్యమైతే మానెయ్యొచ్చు కదా అని ఎవరైనా అంటే, "నేను మానేస్తె వీళ్ళ సంగతి ఎవడు చెప్తడు?" అని కళ్ళెర్రజేసేవాడు. సినిమావాళ్ళంతా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డట్టు!

నిజానికి ఆయన ముందు ఎవరూ చేతులు కట్టుకునేవారు కాదు. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రయ్యర్ ఆపరేటర్. తడి పొడిని ఆరబెట్టే యంత్రం దగ్గర నిలబడి, గంటగంటకూ వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. ఇరవై ఒక్క ఏళ్ళుగా అదే యంత్రం, అదే పుస్తకం. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు సూపర్‌వైజర్లై, ఇప్పుడు తననే "ఏం శ్రీశైలం, ఇంకా కాలేదా?" అని గదమాయిస్తున్నారు. ఇంట్లో భార్య ప్రేమలత కూర ఏం వండాలో కూడా ఆయన్ని అడగదు. బొంతపల్లి దగ్గరి సొంతూరికి పోతే, అన్నదమ్ముల పంచాయితీలో ఆయన నోరు తెరిచేలోపే తీర్పు అయిపోతుంది.

ఆయన మాట చెల్లేది ఏడాదికి ఒక్క రోజు. డిసెంబర్ నెలాఖరున, సంగారెడ్డి నుంచి బయలుదేరిన కంపెనీ బస్సు పటాన్‌చెరు దాటాక, శ్రీశైలం డ్రైవర్ వెనక నిలబడి ఆ ఏడాది సినిమాల లిస్టు చదువుతాడు. పద్దెనిమిదేళ్ళుగా తప్పలేదు. ఆ వారం ఏ షిఫ్ట్ పడినా బతిమాలుకుని పొద్దుటి షిఫ్ట్ వేయించుకుంటాడు. నలభై మంది ఫోన్లు జేబులో పెట్టి మరీ వింటారు. ఆయన వద్దన్న సినిమా టీవీలో వచ్చినా నలభై ఇళ్ళలో ఛానెల్ మారిపోతుంది. "శ్రీశైలమన్న అన్నడంటె అన్నడే" అని బస్సులో పేరు. బతుకులో ఆయన సంపాదించుకున్న పరువంతా ఆ ఒక్క కాగితం. అది పోతే తన దగ్గర ఇంకేమీ మిగలదని ఆయనకు బాగా తెలుసు.

మార్కులు, నక్షత్రాలు ఆయనకు గిట్టవు. ఫ్యాక్టరీలో ప్రతి డ్రమ్ము మీదా లేబుల్ ఉంటుంది. పరీక్ష తేలకపోతే పసుపు, పాసైతే ఆకుపచ్చ, పనికిరాకపోతే ఎరుపు. ఎరుపు పడ్డ డ్రమ్మును ఎవడూ ముట్టుకోడు. శ్రీశైలం సినిమాలకూ అవే పెట్టాడు. ఇంకో సంగతి కూడా ఫ్యాక్టరీ నుంచే తెచ్చుకున్నాడు: కళ్ళతో చూడనిది పుస్తకంలో రాయకూడదు. యంత్రం దగ్గరికి పోకుండా కూర్చున్నచోటే వేడి అంకెలు రాసిన ఒకణ్ణి కంపెనీ ఆ సాయంత్రమే ఇంటికి పంపింది. కాబట్టి పేర్లు పడడం మొదలైనప్పటి నుంచి లైట్లు వేసేదాకా కూర్చుని చూస్తేనే లేబుల్. ఇంటర్వెల్‌కే బయటికొచ్చి ఫోన్‌లో మొహం పెట్టి తీర్పులు చెప్పే కుర్రాళ్ళను ఆయన తిట్టే తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఈ ఏడాది ముప్పై ఒక్క సినిమాలు. అబ్బో, ఏం సినిమాలని! ఒకదాంట్లో హీరో గొడ్డలి పట్టుకుని రెండు గంటల నలభై నిమిషాలు నడిచాడు. ఎక్కడికి పోతున్నాడో వాడికీ తెలియదు, తీసినవాడికీ తెలియదు. వాడు నడిచినంతసేపూ వెనక లారీలు పేలుతూనే ఉన్నాయి. ఎరుపు. ఇంకోదాంట్లో ఎక్కడి నుంచో పట్టుకొచ్చిన పాలరాతి బొమ్మలాంటి పిల్ల, ప్రతి మాట చివరా 'గిట్ల', 'గట్ల' తగిలించి తెలంగాణ ఆడపడుచునని చెప్పుకుంది. "రెండు ముక్కలు నేర్పిచ్చి మన భాష వచ్చేసిందంటరు. థూ!" ఎరుపు.

అన్నిటికన్నా ఆయన కడుపు మండించింది శాస్త్రవేత్త సినిమా. హీరోగారు మందు కనిపెడతాడు. ల్యాబు నిండా గాజు బుడ్లు, వాటిలో నీలం నీళ్ళు, గులాబీ నీళ్ళు, పైన పొగలు. "ఇరవై ఒక్కేండ్లు మందులు చేస్తున్న. ఒక్క దినమన్న నాకు గులాబి నీళ్ళు కనపడలే. అంత తెల్ల పొడే. పొగొచ్చిందంటె సైరన్ మోగుతది, అందరం గేటు బయటికి ఉరుకుతం. వీడు పొగల నిలబడి పాట పాడుతుండు!" ఎరుపుకన్నా కింద రంగు లేదు గనక ఎరుపు.

పసుపు మూడింటికి. ఆకుపచ్చ పడ్డది ఒకే ఒక్కదానికి. కల్లు గీసే ఒక ముసలి గౌడు తాడిచెట్టెక్కడం మానలేక మానలేక మానేసే కథ. పాటలు లేవు, ఫైట్లు లేవు. ఒక ఆదివారం ప్రేమలతను తీసుకుపోయి చూశాడు. ముసలాయన నడుముకున్న మోకు తాడు విప్పి కొడుకు చేతికిచ్చే చోట శ్రీశైలం ఏడ్చాడు. ఏడ్చి, కంట్లో ఏదో పడిందన్నాడు. రెండు కళ్ళలోనూ ఒకేసారి పడిందా అని ప్రేమలత అడిగింది.

ఇంతవరకూ అంతా ఏటా ఉండేదే. ఈ ఏడాది బస్సులోనే ఒక సినిమా పుట్టింది, అదీ వచ్చిన చిక్కు.

అదే బస్సులో వచ్చే దుర్గాప్రసాద్ ఫ్యాక్టరీలో ఆపరేటర్లు రాసిన పుస్తకాలు తిరగేసి సంతకాలు పెట్టే ఆఫీసరు. తండ్రి ఎప్పుడో భీమవరం వైపు నుంచి ఇక్కడి సర్కారీ ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి సంగారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాడు. గట్టిగా దగ్గినా పక్కవాడికి క్షమాపణ చెప్పే రకం మనిషి. ఆయన కూతురు హరిచందన చదువు మధ్యలో ఆపి సినిమా తీసింది. పేరు 'మూడో గేటు'. షిఫ్టులకు పోయే ఆడవాళ్ళ కథ. బొల్లారం రోడ్ల మీద, వెలిమెలలో కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో తీసింది. నవంబర్‌లో ఒక శుక్రవారం విడుదలైంది. సోమవారానికి ఎత్తేశారు.

ఆ మూడు రోజుల్లో, దుర్గాప్రసాద్ కాక, బస్సు మొత్తానికి ఆ సినిమాకు పోయింది శ్రీశైలం ఒక్కడే. శనివారం పొద్దున నైట్ షిఫ్ట్ దిగి, పటాన్‌చెరులో ఇడ్లీ తిని, పదకొండింటి ఆటకు కూర్చున్నాడు. హాల్లో తొమ్మిది మంది. సగం వరకూ రెప్ప వాల్చకుండా చూశాడు. తిట్టడానికి ఏమీ దొరక్క కొంచెం చిరాకు కూడా పడ్డాడు. ఇంటర్వెల్లో సమోసా తిన్నాడు. మళ్ళీ లైట్లు ఆరాయి, ఏసీ చల్లగా మొహానికి కొట్టింది. ఆ తర్వాత ఆయనకు తెలిసిందల్లా చీపురు పట్టుకున్న ఒకావిడ భుజం తట్టి, "సినిమా అయిపోయింది, లేవరాదె" అనడం.

ఇంకొకడైతే ఆ సినిమాను లిస్టులో నుంచి తీసేసేవాడు. శ్రీశైలం అలా ఎలా తీసేస్తాడు? ఇంటర్వెల్లోనే దుర్గాప్రసాద్‌కు ఫోన్ చేసి చూస్తున్నానని చెప్పేశాడు. పైగా తోవ పొడవునా తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. సినిమాలో దమ్ముంటే మనిషికి నిద్రెందుకు పడుతుంది? నిద్ర పట్టిందంటే దమ్ము లేనట్టే, అదే తీర్పు. ఇంటికి చేరేసరికి ఎర్ర లేబుల్ అంటించేశాడు.

డిసెంబర్‌లో ఇంకో వింత జరిగింది. బస్సులో ముందు సీట్లో కూర్చునే బక్కమ్మ, "లిస్టు ఎప్పుడు సదువుతవ్ శ్రీశైలం?" అని అడిగింది. బక్కమ్మ ప్యాకింగులో నేల తుడుస్తుంది. పదిహేనేళ్ళుగా అదే బస్సు. ఎన్నడూ సినిమా ఊసెత్తింది లేదు, లిస్టు చదివే రోజున కొంగు కప్పుకుని కునుకు తీసేది. అలాంటిది ఒకే నెలలో మూడుసార్లు అడిగింది. తన కీర్తి బక్కమ్మ దాకా పాకిందని శ్రీశైలం పొంగిపోయాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పటాన్‌చెరు దాటగానే లేచి కాగితం విప్పాడు. గొడ్డలి హీరోకు బస్సంతా ఈలలు వేసింది. గులాబీ నీళ్ళకు డ్రైవర్ కూడా పగలబడి నవ్వాడు. బక్కమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పిసుకుతూ వింటోంది.

"ఇర్వై ఏడు. మూడో గేటు."

వెనక నుంచి ఎవరో, "సారున్నడన్నా, జెర చూసి చదువు" అన్నారు.

"సారున్నడని పచ్చది అంటిస్తె రేపు నా మాట ఎవడు వింటడు?" అన్నాడు శ్రీశైలం, ఛాతీ విరుచుకుని. "ఎరుపు! ఫస్టాఫ్ పర్వాలేదు. సెకండాఫ్ తుస్సు. ఒక్క మనిషన్న మనిషి లెక్క యాక్టింగ్ చేయలే."

దుర్గాప్రసాద్ శ్రీశైలం వైపు కాదు, బక్కమ్మ వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఏమనుకోకండి శ్రీశైలం గారూ. సెకండాఫ్ చూశారు కదండీ?"

"చూడకుంట రాస్తనా సార్?"

"మరి ఏది బాగాలేదంటారు?"

శ్రీశైలం చకచకా లెక్క వేసుకున్నాడు. తెలుగు సినిమా అన్నాక రెండో సగంలో పెళ్ళి ఉండకుండా ఎక్కడికి పోతుంది? "గదే సార్, ఆ పెండ్లి సీను. మస్తు సాగదీసిండ్రు."

దుర్గాప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బక్కమ్మ లేచి నిలబడింది.

"ఏం పెండ్లి? అండ్ల పెండ్లే లేదు."

"నీకెట్ల ఎరుక అక్కా?"

"నేనున్న గద అండ్ల."

బస్సంతా గొల్లుమంది. బక్కమ్మ సినిమాలోనా! ఎవరో "హీరోయిన్ బక్కమ్మకు జై" అని కూడా అరిచారు. అప్పుడు దుర్గాప్రసాద్ గొంతు పెంచాడు. ఆయన గొంతు పెంచగలడని ఆ రోజే అందరికీ తెలిసింది.

"నవ్వకండి! ఇంటర్వెల్ తర్వాత నుంచి చివరిదాకా కథంతా ఆవిడదేనండీ. మా అమ్మాయి ఆవిడ చుట్టూనే తీసింది. ఎవరికీ చెప్పొద్దని ఈవిడే నాచేత ఒట్టు వేయించుకుంది కాబట్టి ఊరుకున్నాను."

మేకప్పులో గుర్తుపట్టలేదని అంటే సరిపోయేది. పద్దెనిమిదేళ్ళ పరువు ఆ ఒక్క అబద్ధంతో నిలబడేది. ఆ మాట శ్రీశైలం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బక్కమ్మ కళ్ళార్పకుండా ఆయన మొహంలోకే చూస్తోంది.

"నిద్రపోయిన" అన్నాడు.

"ఏందన్నా?"

"ఇంటర్వెల్ కాంగనె నిద్రపోయిన. నైట్ చేసి పోయిన. లేపేదాంక లేవలే."

ఒకడు వదల్లేదు. "మరి కడమ సినిమాలు? గవన్ని చూసినవా?"

శ్రీశైలం కాగితం వైపు చూశాడు. ఆకుపచ్చది ఆదివారం చూసింది. పసుపు మూడూ సెలవు రోజున చూసినవి. ఎరుపు పడ్డవాటిలో మొత్తం చూసినవి నాలుగో ఐదో ఉంటాయి. మిగతావన్నీ నైట్ షిఫ్ట్ దిగి పోయినవి. ఈ సంగతి తనకు ఇప్పుడే తెలిసినట్టు, లోపల ఎక్కడో ఎప్పుడూ తెలిసే ఉన్నట్టు ఆయనకు అనిపించింది.

"నైట్ చేసి తెల్లారి పోయినయన్ని... గంతే" అన్నాడు.

ఇక చూడండి ఆ బస్సు! సీట్లు చరిచేవాళ్ళు, కడుపు పట్టుకునేవాళ్ళు. "పద్దెనిమిదేండ్లు పండుకొని లేబుళ్ళేసినవా అన్నా!" "నీ మాట విని నేను ఎన్ని మంచి సినిమాలు పోగొట్టుకున్ననో!" "ఇంటిది మొత్తుకున్నా టీవీ బంద్ చేసిన గదనే!" ఒకడు కాగితం లాక్కుని వెనక్కి అందించాడు. అది చేతులు మారుతూ వెనక సీటు దాకా పోయింది. బొల్లారం పొగ గొట్టాలు కనబడేదాకా నవ్వులు ఆగలేదు.

బక్కమ్మ ఒక్కతే నవ్వలేదు. బస్సు గేటు వైపు తిరుగుతుంటే సంచీ భుజానికి వేసుకుని, శ్రీశైలానికి మాత్రమే వినబడేంత దగ్గరికి వచ్చింది.

"ఆ పిల్ల సినిమా సూడ రమ్మన్ననాడు నాకు డ్యూటీ పడె. సోమారం పోదమంటె ఎత్తేసిండ్రు. మా ఇంట్ల ఎవ్వలు సూడలే. నేను గుడ సూడలే. సారు మంచిగ జేసినవంటడు, సొంత బిడ్డె సినిమాయె, ఇంకేమంటడు? నువ్వైతె ఎవ్వని మొకం సూడకుంట సెప్తవ్ గద. నేనెట్ల జేసిన్నో నీ నోట్లకెల్లి ఇందామని నెల సంది కూసున్న."

బస్సు ఆగింది. బక్కమ్మ మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి ఇంకొక్క మాట అంది.

"తిట్టినా తిట్టకున్నా, నువ్వన్న సూసినవనుకున్న."

ఆమె దిగిపోయింది. "అక్కా" అని పిలిచాడు శ్రీశైలం. ఆమె ఆగింది కూడా. ఆయన చెయ్యి అలవాటుగా కాగితం కోసం జేబులోకి పోయింది; అది వెనక సీట్లోనే ఉండిపోయింది.