సర్వీసుకు పోయిందని చెప్పిన కారు

మొన్నామధ్య మదనపల్లెలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లి, భోజనాలయ్యాక బస్టాండు దాకా ఎవరి బండి అయినా దొరుకుతుందేమోనని వాకిట్లో నిలబడి ఉంటే, మా తమ్ముడి కొడుకు తన కొత్త కారు తలుపు తీసి పట్టుకుని, “పెదనాయనా, రోంత చెప్పులు ఇడిసి ఎక్కు, మ్యాటు కొత్తది” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దరికంగా నాలుగు మాటలు అనవలసిన వాణ్ని, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. వాణ్ని అనడానికి నాకు నోరెక్కడిది? ఆ మాట మా వీధిలో అందరికంటే ముందు అన్నవాణ్ని నేనే.

నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు గానీ, తొంభైలలో పుంగనూరు లాంటి ఊళ్లో సొంత కారు అంటే అది సొంతదారుడికి దక్కేది తక్కువ. మాది కిరాణా అంగడి. సరుకుల కోసం తిరగడానికి పనికొస్తుందని, ఎవరో వాడి వదిలేసిన అంబాసిడర్‌ను కొన్నాను. తలుపు పడాలంటే లోపలినుంచి ఒకరు లాగాలి, బయటినుంచి ఒకరు తోయాలి. ఎండాకాలంలో కుప్పం పోవాలంటే వి.కోట చేరేలోపలే ఏ బావి దగ్గరో ఆపి, ఆవుకు తాపినట్టు రేడియేటరుకు నీళ్లు తాపాలి. అయినా ఆ బండంటే నాకు ప్రాణం, వీధికీ ప్రాణమే. నొప్పులు పడే ఆడమనిషైనా, పరీక్షకు ఆలస్యమైన పిల్లలైనా, తేలు కుట్టినవాళ్లైనా మా గేటు తట్టడమే ఆలస్యం, నేను సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కునేవాణ్ని. విసుక్కునేవాణ్ని కూడా, అబద్ధమెందుకు. కానీ ఆ విసుగులోనే కొంత గర్వం ఉండేది.

అన్నిటికంటే పెద్ద కొలువు పెళ్లిళ్లది. పెళ్లయిన ఆడపిల్లకు ఒడిబియ్యం పోసి, కొంగు ముడివేసి అత్తవారింటికి పంపేటప్పుడు, ఆ ముడి మెట్టినింటి గడప దాటేదాకా విప్పకూడదని మా వైపు పట్టింపు. బస్సు తోపులాటలో అది కుదిరే పనేనా? అందుకని పిల్లను మా కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, పక్కన తోడు పెళ్లికూతురినీ అవ్వనూ ఇరికించి, సారె గంపలు డిక్కీలో పెట్టి, మిగిలిన జనం ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని బయలుదేరేవాళ్లం. మా కారులో పోయిన ఆడబిడ్డ ఏడుస్తూ తిరిగి రాలేదని వీధిలో ఒక నమ్మకం కూడా పుట్టింది. మా గోడకు ఆనుకున్న ఇంట్లో పాల వ్యాపారం చేసుకునే ఆయన ఉండేవాడు, నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన కూతురు చిన్నప్పుడు ఆ కారు బానెట్టు మీద కూర్చుని బొరుగులు తినేది. నీ పెళ్లికి ఈ కారులోనే నిన్ను అత్తగారింటికి తోలుకుపోతానని ఆ పిల్లకు నేను చెప్పని పండుగ లేదు.

మరి ఎందుకు మార్చానంటారా? సిగ్గుతో. రెండువేల సంవత్సరం దాటాక కుప్పంలో ఒక పెళ్లికి వెళ్తే, కళ్యాణమండపం ముందు కాపలావాడు మా తోడల్లుడి నిగనిగలాడే కారును ముందు వరుసలో పెట్టించి, నా బండిని వంటసామాన్ల లారీ పక్కకు తోలించాడు. ఆపైన భోజనాల పంక్తిలో అందరూ వినేటట్టు, ఇంకా ఆ డబ్బాలోనే తిరుగుతాండావా అన్నాడు మా తోడల్లుడు. ఆ పూట తిన్న పాయసం నాకు అరగలేదు. పాత బండి ఇచ్చి కొత్తది తీసుకోండని మదనపల్లెలో ఒక అంగడివాళ్లు బోర్డు కట్టారని తెలిసి, ఆ వారంలోనే వెళ్లాను. అక్కడి కుర్రవాడు వెనక సీటు ఎత్తి చూస్తే, కింద అంతా పసుపు బియ్యం. అక్షింతలూ, ఒడిలోంచి జారిన గింజలూ, ఎన్నేళ్లవో. “ఏంసార్, దీంట్లో బియ్యం మూటలు తోల్తాంటిరా?” అని అతను నవ్వాడు. నేనూ నవ్వి, ఏం చేసేది, ఊళ్లోవాళ్లు ఊరికే అడుగుతారు అని ఫిర్యాదులాగా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కొత్త కారు చిన్నది, తెల్లనిది. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు తీయవద్దని మా ఆవిడకు గట్టిగా చెప్పి, ఎక్కేవాళ్లెవరైనా చెప్పులు బయట విడవాలని చట్టం పెట్టాను. పక్కింటి అన్న వచ్చి కారు చుట్టూ తిరిగి చూసి, పాతది పోయిందా, సరేలే, మా పాపకు కొత్త కారే రాసిపెట్టి ఉండాదన్నాడు. అప్పటికే సంబంధం కుదిరింది. కుప్పం దగ్గర పట్టుపురుగులు పెంచే రైతు కుటుంబం, పిల్లను తీసుకుపోయే బండి ఆడపిల్లవాళ్లదే అని మాట. మా తమ్ముని కారు ఉండాది, దిగులు లేదని ఆయన వియ్యంకుడికి నాకు వినబడేటట్టే చెప్పాడు. నేను తల ఊపాను.

పెళ్లి దగ్గరపడే కొద్దీ నాకు నిద్ర పట్టలేదు. నూనె కారే కజ్జికాయల గంపలు, పసుపు చేతులు, వక్కాకు నమిలే ఆ పిల్ల అవ్వ, అన్నీ ఆ తెల్లని సీట్ల మీదే కనబడేవి. చివరికి మనిషన్నవాడు చేయకూడని పని చేశాను. పెళ్లికి ముందురోజు పొద్దున అందరూ చూస్తుండగా కారు తీసి మదనపల్లె దారి పట్టి, ఊరు చుట్టి వెనక సందులోంచి వచ్చి, మా పెరట్లోని సరుకుల షెడ్డులో పెట్టి కవరు కప్పాను. ఏదో శబ్దం వస్తోంది, సర్వీసుకు ఇచ్చాను, రేపటికి రావచ్చు అని అన్నకు చెప్పాను. ఆయన నమ్మాడు. మర్నాడు ముహూర్తాల రోజు, ఊళ్లో అద్దె కారన్నది దొరకలేదు.

తాళి కట్టడం అయింది, ఒడిబియ్యం పోశారు. వెళ్లేముందు పెద్దల ఇళ్లకు వచ్చి దండం పెట్టడం ఆనవాయితీ కదా, పిల్ల మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ కుంకుమ పెట్టడానికి వంటింట్లోకి తీసుకుపోయింది, నేనూ అక్షింతలు పట్టుకుని వెనకే వెళ్లాను. గాలికి షెడ్డు తలుపు తెరుచుకుని ఉంది. కవరు కిందినుంచి తెల్లని బంపరు, కొత్త చక్రం. పిల్ల కిటికీలోంచి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఒడిని రెండు చేతులా పట్టుకుని వంగి నా కాళ్లకు దండం పెట్టింది, నేను ఏమని దీవించానో నాకే తెలియదు.

బయట వాకిట్లో పెళ్లికొడుకువాళ్లందరూ నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి పిల్ల అవ్వ గట్టిగా, కారు వచ్చినాదా పాపా అని కేకేసింది.

“ల్యాదవ్వా, ఇంగా రాలేదంట. చిన్నాయన పాపం రొంబ తిరిగినాడు మనకోసం. బస్సుకే పోదాం పా.”

అత్తగారింటి మనుషుల ముందు తన తండ్రి మాట పోతున్నా, ఆ పిల్ల నా పరువు కాపాడింది. కొంగు ముడి గుప్పిట్లో బిగించి పట్టుకుని బస్టాండుకు నడిచింది. నేను గేటు దాకా కూడా వెళ్లలేకపోయాను.

ఇంట్లో చెప్పిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అన్న నాతో ఎప్పటిలాగే మాట్లాడేవాడు, పాలు ఎప్పటిలాగే వచ్చేవి. కానీ కారు అడగడం మానేశాడు. ఆయన మానేశాక ఎందుకో వీధి కూడా ఒక్కొక్క ఇల్లే మానేసింది. కొన్నాళ్లకు అవ్వకు పక్షవాతం వస్తే ఆటోను పిలిపించారు, సందు ఇరుకు కనుక అది మా గేటు ముందే ఆగింది. నేను తాళాలు పట్టుకుని పరుగున బయటికొచ్చాను. అన్న నా భుజం మీద చెయ్యి వేసి, “వద్దులే అప్పా, సీట్లు పాడైతాయి” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ కారు అమ్మేనాటికీ సీట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి, కొన్నాయన బాగా చూసుకున్నారని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ కారు ఉంది, లేనివాళ్లు ఫోను నొక్కితే వాకిట్లోకి వస్తుంది, ఎవరూ ఎవరి గేటూ తట్టే పని లేదు. మంచి కాలమే, కాదనను. ఆ రోజుల్లో మనుషులు ఒకరినొకరు అడిగి బతికేవాళ్లు, కాలం అంతా మార్చేసిందని నా ఈడువాళ్లు నిట్టూరుస్తుంటే నేను ఊ కొట్టలేను. మిగతా చోట్ల కాలమే మార్చిందేమో. మా వీధిలో అది మారిన రోజున తాళాలు నా జేబులో ఉన్నాయి.