ఊయల కింద సొర గిన్నె

మా కూలి లైను ఇళ్ల వరసలో ఆదివారం పొగ రాని ఇల్లు మాదొక్కటే. ఓడెక్కి ఈ రబ్బరు తోటల దేశం రాకముందు నాన్న మెన్నోనైట్లు అనే తెల్ల మిషనరీల వంటింట్లో పనిచేశాడు. బాప్తిస్మం అక్కడే, వంటా అక్కడే. దొరసాని రొట్టె మీద బుల్లి రొట్టె కూర్చోబెట్టి శనివారమే కాల్చి, ఆదివారం పొయ్యి ముట్టకుండా అందరికీ పెట్టేదట. ఆదివారం వండకూడదు, వండించకూడదు. చెయ్యెత్తినవాడి మీద చెయ్యెత్తకూడదు. అబద్ధమాడకూడదు. దొరలకు ఇవన్నీ సాగాయి, వాళ్ల మీద కంగాణీ లేడు గనక.

సుంగై సిపుట్ అనే ఊరి దగ్గర మా రబ్బరు తోటలో కూలీల మీద పెత్తనమంతా కంగాణీదే. రబ్బరు ధర పడిపోయి, ఆయన ఎవరి పేరు కొట్టేస్తే వాళ్లను ఓడెక్కించి వెనక్కి పంపేస్తున్న రోజులవి. మా ఇంట్లో శనివారమే రెండు రోజుల వంట అవుతుందని ఆయన పసిగట్టాడు. ప్రతి శనివారం పొద్దుగూకే వేళకు వచ్చి పీట వాల్చుకునేవాడు. నాన్న వడ్డించేవాడు. ఆదివారం మేం మిగిలింది తినేవాళ్లం, మిగిలితే. పిల్లి వచ్చి తింటే కర్రయినా విసరొచ్చు.

అప్పుడు అమ్మ బాలింత. అంతకుముందు కాన్పులో బిడ్డ పాలు చాలక చనిపోయింది. ఆ భయంతో అమ్మ ఈ పిల్లను ఒళ్లోంచి దించేది కాదు. పాలు పడతాయని నాన్న హుటాన్ మెలింటాంగ్ అనే చేపల రేవు నుంచి వచ్చిన ఎండు సొరచేప ఎలాగో సంపాదించాడు. నానబెట్టి, ఉడికించి, చేత్తో పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి వేయించాడు. ఆదివారానికీ చెడని వంట. అమ్మ గిన్నెకు మూతపెట్టి గుడ్డ ఊయల కిందికి తోసింది. నాన్న చూశాడు.

కంగాణీ వచ్చాడు. రొట్టెలూ పప్పూ అయిపోయాయి. గాలి పీల్చి, "సొర వాసనొస్తంది. ఇంకేటైనా ఉందేటి?" అన్నాడు.

నాన్న చేతిలో గరిటె ఆగిపోయింది. అమ్మ ఆయన వంకే చూస్తోంది. నేనూ చూస్తున్నాను. లేదు అనే ఒక్క మాట చాలు.

"ఉంది బాబూ," అన్నాడు నాన్న. "ఊయల కింద ఉంది. బాలింతకని సేసినాను."

బాలింతకని చెబితే వదిలేస్తాడనుకున్నాడేమో, పిచ్చి తండ్రి. ఆ గిన్నె నేనే తీసి ఇవ్వాల్సి వచ్చింది. కంగాణీ సగం తిని, మిగతాది అరటాకులో పొట్లం కట్టించుకుని వెళ్లాడు.

అమ్మ ఏడవలేదు. "నిన్ను అబద్దమాడమన్నానా? ఊరుకుంటే సాలదా?" అంది.

"అడిగినాక ఊరుకుంటే అదీ అబద్దమే," అన్నాడు నాన్న.

మర్నాడు పిల్ల చప్పరించి చప్పరించి ఏడ్చింది. నాన్న చల్లారిన పొయ్యి ముందు కూర్చుని అగ్గిపెట్టె తీశాడు, పెట్టేశాడు, మళ్లీ తీశాడు. నాకు జాలికన్నా కోపమే ఎక్కువ వచ్చింది. పక్కింటి అత్తను గంజి కాచిమ్మని అడగనా అన్నాను. చేయించడమూ చేయడమేనట. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మా నాన్నకు పక్కన ఇంకోటి కూడా ఉంది. చివరికి ఏడుపు విని అత్తే అడక్కుండా వేడి గంజి తెచ్చింది. అమ్మ తాగుతున్నంతసేపూ నాన్న గుమ్మం అవతల కూర్చున్నాడు.

ఆ వచ్చే శనివారం నాన్న మళ్లీ సొర వండాడు. అమ్మ గిన్నె పట్టుకుని ఆయన ఎదుట నిలబడి, "కళ్లు మూసుకో," అంది. ఎందుకని నాన్న అడగలేదు. ప్రార్థనలో లాగా చేతులు జోడించి మూసుకున్నాడు. అమ్మ వెనక తలుపు గుండా వెళ్లి, అత్త ఇంట్లో గిన్నె పెట్టి, ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. అప్పటిదాకా ఆయన కళ్లు తెరవలేదు.

కంగాణీ మళ్లీ గాలి పీల్చాడు. "సొర ఎక్కడెట్టినారు?" అని నాన్ననే అడిగాడు.

"ఎక్కడుందో నాకు తెల్దు బాబూ."

అక్షరాలా నిజం. కంగాణీ నమ్మాడు కూడా, ఇంకెవర్నీ అడక్కుండా లేచి వెళ్లిపోయాడు. నాన్న అబద్ధమాడడని ఆయనకు మాకన్నా బాగా తెలుసు.

ఆ ఆదివారం అమ్మ తిన్నది, పిల్ల పాలు తాగి నిద్రపోయింది. నాన్న మాత్రం ఆకు ముందు కూర్చుని ముద్ద కలిపి, అలాగే ఉండిపోయాడు. తినమని అమ్మ మెల్లగా చెప్పింది.

"తిన్లేనే. కళ్లు మూసుకున్నది నేనే గదా," అని ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు.