కాలువ గట్టు మీద సత్తిబాబు మర్యాద

రెండువేల మూడు వానాకాలం. అప్పటికి నేను లారీ నడపడం మానేసి, అమలాపురంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో శిక్షకుడిగా కుదురుకున్నాను. నా దగ్గరికి వచ్చేది కొత్తగా కారు నేర్చుకునేవాళ్ళు కాదు, బస్సులూ వ్యాన్లూ నడిపి బతికేవాళ్ళు. వాళ్ళకి నేర్పేది డిఫెన్సివ్ డ్రైవింగ్. ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే అనుకుని, ఆ తప్పు మన మీదికి రాకుండా నడపడం అన్నమాట. చెప్పడానికి ఇంతే. ఏళ్ళ తరబడి స్టీరింగు పట్టినవాడి బుర్రకి ఎక్కించాలంటే మాత్రం తలప్రాణం తోకకొస్తుంది.

సత్తిబాబుని కొత్తపేట దగ్గర ఒక స్కూలువాళ్ళు పంపించారు. అంతకుముందు వారమే అతని బస్సు కాలువలోకి ఒరిగిపోయింది. గట్టు మీది కొబ్బరిచెట్టు అడ్డుపడబట్టి ఆగింది. లోపల పిల్లలున్నారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ, మర్నాటి నుంచి తల్లులు పిల్లల్ని బస్సెక్కించడం మానేశారు. నేను సరేనంటేనే అతనికి మళ్ళీ బస్సిస్తామని స్కూలువాళ్ళు కబురు చేశారు.

తాగాడేమో, కునుకు తీశాడేమో అనుకున్నాను. మనిషిని చూస్తే అలా లేడు. ఏం జరిగిందని అడిగితే తల వంచుకున్నాడు.

"మా బావగారు గడ్డి ట్రాక్టరు మీద ఎదరొచ్చేరండి. సైడిచ్చేనండి."

"గట్టు నానిపోయి ఉంది కదా, చూసుకోలేదా?"

"చూసేనండి. బావగారు కదండీ మరి."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా కాలువ గట్టు రోడ్లు చాలాచోట్ల ఒక బండికే సరిపోతాయి. రెండు బండ్లు ఎదురైతే ఎవరో ఒకరు ఎడమ చక్రాల్ని మార్జిన్‌లోకి, అంటే తారు పక్కనున్న మట్టి అంచులోకి దించాలి. వానల్లో ఆ మట్టి నానిన అటుకుల్లా ఉంటుంది. స్కూలుకి వెళ్ళేటప్పుడు సత్తిబాబుకి కాలువ ఎడమ పక్కనే.

అదే గట్టు మీద అతని చేత కామెంటరీ డ్రైవింగ్ చేయించాను. నడుపుతూ, కంటపడిందల్లా పైకి చెప్పాలి. డ్రైవరు చూపు ఎంత దూరం వెళుతోందో దీంతో తెలిసిపోతుంది.

"ఎదర గేదె వత్తుందండి. దానెనక దూడుందండి, అది పరిగెడతాదండి. ఆ సైకిలాయన మా చినమావయ్యగారండి, చెవులు వినపడవండి, హారన్ కొట్టినా లాభం లేదండి."

నవ్వాపుకోలేకపోయాను. చూపుకి వంక పెట్టడానికి లేదు. పేచీ అంతా వరసలతోనే. అతని అత్తారి ఊరు ఆ దారిలోనే, ఎదురైన ప్రతివాడూ అతనికి బావో మావయ్యో అవుతాడు. ఎదర బండి కనబడగానే చేతులు వాటంతటవే ఎడమకి తిరిగేవి.

"వంతెన దగ్గర రోడ్డు వెడల్పుగా ఉంది. దూరాన్నుంచే చూసుకుని అక్కడ ఆగిపో. వాళ్ళనే దాటనీ. వాళ్ళ పక్క చేలే కదా," అన్నాను.

"పెద్ద బస్సేసుకుని కదలకుండా కూర్చుంటే, పెద్దోళ్ళని దిగమన్నట్టుంటాదండి. అల్లుడికి పొగరెక్కిందంటారండి."

నాకు ఒళ్ళు మండింది. "బావగారి మర్యాద కోసం పిల్లల్ని కాలువలో పడేస్తావా?" అని గట్టిగానే అడిగేశాను. అతను బండి ఆపేశాడు. స్టీరింగు మీద తల ఆన్చి ఏడ్చాడు. చాలా జాలేసింది. అతనికి వచ్చిన పని అదొక్కటే, పైగా ఆ పిల్లలంటే ప్రాణం.

ఆఖరి రోజు ఖాళీ బస్సుతో పరీక్ష పెట్టాను. రత్నకుమారిగారని ఒకావిడ, తానూ వస్తానని పట్టుబట్టి ఎక్కారు. బస్సు ఒరిగిన రోజు ఆవిడ కూతురు అందులో ఉంది. దారంతా ముందు సీటు రాడ్డు పట్టుకునే కూర్చున్నారు.

వంతెన ఇంకా కొంత దూరం ఉందనగా, అవతల నుంచి కొబ్బరికాయల ట్రాక్టరు వస్తూ కనిపించింది. నడిపేది సాక్షాత్తూ సత్తిబాబు మామగారే.

"మావయ్యగారు వత్తన్నారండి," అన్నాడు. "వంతెన దగ్గరే ఆపేత్తన్నానండి."

ఆపాడు. ఇంజిన్ కట్టేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తాళం జేబులో వేసుకుని కిందికి దిగాడు. ఎదురెళ్ళి రెండు చేతులూ జోడించాడు.

"మావయ్యగారూ, బస్సు దింపితే గట్టు ఆగదండి. మీరు కొంచెం చేల పక్కకి జరిగి రండి, నేను చూసి చెప్తానండి."

"ఆయ్, అలాగే బాబూ. పిల్లల బండి, నువ్వు దింపకూడదు," అన్నాడు పెద్దాయన.

సత్తిబాబు వెనక్కి నడుస్తూ, చేత్తో దారి చూపిస్తూ, ట్రాక్టరుని బస్సు పక్కనుంచి దాటించాడు. మళ్ళీ ఎక్కేసరికి అతని మొహం తేటపడింది. రత్నకుమారిగారు రాడ్డు మీద నుంచి చేతులు తీశారు.

"రేపు మా అమ్మాయిని గేటు దగ్గర ఉంచుతాను, సత్తిబాబూ. ఎక్కించుకో," అన్నారు.

"ఆయ్," అన్నాడు. జేబులోంచి తాళం తీసి బస్సు స్టార్ట్ చేశాడు.

డ్రైవరు సీటు దిగి దణ్ణం పెట్టాలని నేను నేర్పిన పాఠంలో లేదు. పిల్లలు లోపల ఉన్నప్పుడు దిగకూడదు కూడా, అందుకే ఆ పని బస్సులోని ఆయాకి అప్పజెప్పాం. కానీ నేను అతని చేత మాన్పించాలని చూసిన మర్యాదే ఆ రోజు బస్సుని తారు మీద నిలబెట్టింది. మనిషి గుణాన్ని పీకేసి పని నేర్పలేం, దాన్ని ఎక్కడ వాడాలో చూపించగలం. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే చెబుతూ వచ్చాను: మర్యాద నోటితో చెయ్యండి, చేతులతో చెయ్యండి, స్టీరింగుతో మాత్రం వద్దు.