గొట్టంలో పోసింది కూడేనా?

1983 వానాకాలం. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి పసిపిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు చప్పరించే శక్తి ఉండదు. తల్లిపాలు పిండి, ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నని ఫీడింగ్ ట్యూబ్ ద్వారా సిరంజితో పోస్తాం. ఆ పనిలో తొందర పనికిరాదు. నాకేమో తొందరెక్కువ, ఆరా తీసే బుద్ధి అంతకంటే ఎక్కువ.

బతుకుతెరువుకు అక్కడికొచ్చిన తెలుగు కుటుంబంలోని నూకరత్నం అనే అమ్మాయికి ఎనిమిదో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. భర్త అప్పన్న ఆ ఊళ్లోనే గోల్‌మురి పేటలో ఫ్యాక్టరీ కార్మికుడు. సైకిల్ మీద డ్యూటీకి పోతుంటే లారీ గుద్ది దవడ విరిగింది. ఆ కబురు వినగానే ఈమెకు నొప్పులొచ్చాయి. ఆయన్నీ మా ఆసుపత్రిలోనే, మగవాళ్ల సర్జికల్ వార్డులో చేర్చారు. పళ్ల వరసలు రెండూ తీగతో బిగించి కట్టారు. ఆయనకూ ముక్కులో గొట్టమే. పెద్దవాళ్లకు వేసేదాన్ని రైల్స్ ట్యూబ్ అంటాం.

పాపకు డబ్బాపాలు పడేవి కావు, పొట్ట ఉబ్బిపోయేది. తల్లిపాలే దిక్కు. మొదట్లో బాగానే వచ్చిన పాలు రోజురోజుకీ తగ్గసాగాయి. పాప బరువు పెరగకపోగా తగ్గింది. నాకు భయం వేసింది. పిండడం చేతకావడం లేదా? వేడినీళ్ల కాపడం పెట్టించాను. దిగులా? కబుర్లు చెప్పాను. తిండి చాలడం లేదా? భోజనం ట్రే ఖాళీగానే తిరిగొస్తోంది. ఏమీ అంతుపట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె తన ట్రేలోని అన్నం పక్క మంచం ఆవిడకు పెట్టేసి బయటికి నడవడం చూశాను. వెనకే వెళ్లాను. మగవాళ్ల వార్డు తలుపు సందులోంచి లోపలికి చూస్తూ నిలబడింది.

"ఏటే నూకాలూ, తినకండా ఇక్కడేటి చేత్తన్నావు?" అన్నాను ఆమె యాసలోనే.

"ఆయన నోట్లో మెతుకు పడనేదు సిస్టరమ్మా. నాకు ముద్ద దిగుతాదేటి?"

"పాలు, గుడ్డు, పప్పుకట్టు కలిపి రోజూ పోత్తన్నాం కదే!"

"గొట్టంలో పోసింది మందు గానీ కూడేటి? నానొడ్డించనేదు, ఆయన తిన్నేదు."

ఇంటి దగ్గరా అంతేనట. ఆయన తిని లేచాకే ఆమె కంచం ముందు కూర్చునేది. ఇన్నాళ్లూ టీనీళ్లతో నెట్టుకొచ్చింది. కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. తిట్టి తినిపిస్తే ఒక పూట తింటుంది. తర్వాత?

మగ వార్డు సిస్టర్‌ని బతిమాలాను. "రూల్ నహీ హై" అంటూనే ఒప్పుకుంది. ట్యూబ్ పొట్టలోనే ఉందని నేను సరిచూసి, ఫీడ్ గ్లాసు నూకరత్నం చేతికిచ్చాను. సిరంజి ఎంత ఎత్తులో పట్టుకోవాలో, ఎంత నెమ్మదిగా పోయాలో చూపించాను. ఆమె చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, వడ్డించినట్టే పోసింది.

"ఇంకొంచెం ఎయ్యనా?" అని మొగుణ్ని అడిగింది.

అప్పన్న తెల్లబోయి చూశాడు. పెళ్లాం పస్తులుంటున్న సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పాను. పాపం, మాట్లాడలేడు కదా. కళ్లనీళ్లు తుడుచుకుని, పొట్ట మీద చెయ్యేసి చూపించి, తీగలు కట్టిన పళ్ల సందులోంచి గట్టిగా త్రేన్చాడు.

వార్డంతా వినబడింది. నూకరత్నం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నిండిపోనాది ఆయనకి" అని, గబగబా మా వార్డుకు వచ్చి అన్నం ముందు కూర్చుంది.

రోజూ ఆమే పోసేది, ఆపైన తను తినేది. వారం తిరిగేసరికి పాలు మళ్లీ పెరిగాయి. తండ్రి పళ్ల తీగలు విప్పకముందే పాప ట్యూబ్ తీసేశాం.

అప్పటినుంచి పాలు తగ్గిన తల్లిని "ఏం తిన్నావమ్మా?" అని మొదట అడగను. "మీ ఇంట్లో తిననిది ఎవరు?" అని అడుగుతాను.