నకలు తీయని ఫైలు

ఇరవై ఏళ్లకు పైగా ఒక ఖాళీ ఫైలు నా గుండె మీద కూర్చుని ఉంది. దాన్ని ఖాళీ చేసిందెవరో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల చివర పావగడలో, వేరుశనగ విత్తనాలు పంచే ఒక ఆఫీసులో కంప్యూటర్ పని నాది. రైతుల జాబితాలు తుమకూరులోని పెద్ద యంత్రంలో ఉండేవి. ఫోను లైను మీద ఇక్కడి నుంచే అందులోకి లాగిన్ అయ్యేవాళ్లం. అలా ఎవరెవరిని రానివ్వాలో చెప్పే ఫైలు కూడా ఆ యంత్రంలోనే ఉండేది.

నాతో పనిచేసేవాడు హనుమంతప్ప. తాత్కాలిక ఉద్యోగి. వాళ్ల నాన్న ఒకప్పుడు ఎరువు కోసం మా చేలల్లో గొర్రెల మంద కట్టినవాడు. ఆ చేలు పోయాయి. నిటారుగా కూర్చునే అలవాటు మాత్రం నాకు మిగిలింది.

ఆ ఫైలు దిద్దడానికి అతనొక స్క్రిప్టు, అంటే యంత్రం వరుసగా చేయాల్సిన ఆదేశాల చిట్టా, రాశాడు. అది ముందు నకలు తీస్తుంది, నకలునే దిద్దుతుంది, తప్పులు వెతికి, ఆ తర్వాతే అసలు ఫైలు స్థానంలో పెడుతుంది. అప్పటికీ అతను పాత లాగిన్ మూయడు. పక్క టెర్మినల్‌లో కొత్తగా లోపలికి వెళ్లి చూస్తాడు.

"ఎందుకింత తతంగం?" అన్నాను.

"మంద మార్చేటప్పుడు కొత్త దొడ్డి బిగించి, తోసి చూసినాకే పాతది ఇప్పుతాం సామీ. లేకుంటే గొర్రెలు మీ చేనంతా మేసిపోవా?" అని నవ్వినాడు.

గొర్రెల కాపరి కొడుకు నాకు నేర్పడమా?

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. నేలలో పదును ఆరేలోగా తిరుమణి వైపు ఊళ్లకు విత్తనం అందాలి. ఆ ఉదయం ఫైలులో ఒక పేరు మార్చమన్నారు. హనుమంతప్ప టీకి వెళ్లాడు. అతని స్క్రిప్టు పక్కన పెట్టి ఒకే వరుసలో ఆదేశం రాశాను: ఫైలు చదివి, పేరు మార్చి, అదే ఫైలులో రాయమని. లాగౌట్ అయ్యాను. మళ్లీ లోపలికి పోబోతే యంత్రం రానివ్వలేదు.

ఎందుకు? ఆ భయంలోనూ ఈ ప్రశ్న నన్ను వదలలేదు. నెలల తర్వాత ఉత్తుత్తి ఫైలు మీద చేసి చూశాను. రాయడానికి తెరిచిన క్షణమే ఫైలు ఖాళీ అవుతుంది. చదవబోయేసరికి అందులో ఏమీ ఉండదు. ఎంత చక్కని తిరకాసు! ఇప్పటికీ తలచుకుంటే ముచ్చటేస్తుంది. యంత్రం గుట్టు కోసం అంత వెతికినవాణ్ణి, ఆ రోజు నా నోరు ఎందుకలా పలికిందో వెతకడానికి ఇన్నేళ్లు ఎందుకు జంకాను?

తుమకూరులో సరిచేసేసరికి నాలుగు రోజులు పట్టింది. జాబితాలు లేక విత్తనం పంచలేదు, పదును ఆరిపోయింది. ఎవరు ముట్టుకున్నారని ఆఫీసరు అడిగితే, ఆ ఫైలు పని హనుమంతప్పదని చెప్పాను. మాట వరకు నిజమే. మర్నాటి నుంచి అతన్ని రావద్దన్నారు.

పోతూ నా బల్ల దగ్గర ఆగినాడు. "నా స్క్రిప్టు ఆడనే ఉండాది సామీ. ఈసారి నకలు తీయప్పా."

తెలిసే అన్నాడా? తెలిస్తే ఆఫీసరుకు ఎందుకు చెప్పలేదు? చెప్పినా నమ్మరనా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ స్క్రిప్టునే వాడాను. జాగ్రత్తపరుడినని మెప్పులూ పొందాను. దాని మొదటి వరుసలో అతని పేరుండేది. అది కూడా నేనే తీసేశాను.

ఫైలు ఖాళీ చేసింది హనుమంతప్ప కాదు, నేను. ఈ వాక్యం రాసి లేచి వెళ్లాను. తిరిగొచ్చి చదివాను. చెరపలేదు.